కోట గుమ్మం దగ్గర మామయ్య

మొన్న ఏలూరులో మా ఇంట్లో, కొత్త కన్సోల్ ముందు కూర్చుని పొద్దుటి కాఫీ వేళ నుంచి భోజనాల వేళ దాకా టీవీలో ఒక గీత నిండడం చూశాను. అప్‌డేటట. డబ్బా నాది, కరెంటు నాది, సోఫా నాది, ఆట ఎప్పుడు మొదలెట్టుకోవాలో మాత్రం వాళ్ళ దయ. యాభైకి దగ్గరపడ్డా నాకు వీడియో గేములంటే ప్రాణమండీ. అందులోనూ రోల్ ప్లేయింగ్ ఆటలు, అంటే ఓ వీరుడికి మనమే పేరు పెట్టుకుని, నలుగుర్ని వెంటేసుకుని, ఊరూరా తిరుగుతూ బలం పెంచుకునేవి. అందుకే ఇప్పుడొచ్చేవాటిని చూస్తే ఇంత వెగటు. ఎటు వెళ్ళాలో బాణం గుర్తు చూపిస్తుంది. యుద్ధం దానంతటదే చేసేసుకుంటుంది. మరి నేనెందుకు? మంచి కత్తి కావాలంటే దుకాణం తెరుచుకుంటుంది, ఆటలో దుకాణం కాదు, నిజం డబ్బులడిగే నిజం దుకాణమే. ఛీ, చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

ఇంత తిట్టుకుంటూ కూడా దాని ముందు కూర్చున్నది మా మేనత్త కోసం. కంటి డాక్టరుకి చూపించుకుందామని భీమడోలు నుంచి వచ్చి మా ఇంట్లో దిగింది. నా డిగ్రీ రోజుల్లో ఆవిడా నేనూ కలిసి ఒక వేసవంతా ఆడి, పూర్తి చెయ్యకుండా వదిలేసిన ఆటని కొత్త ముస్తాబుతో మళ్ళీ తెచ్చారు. అప్పట్లో లేని దారి ఒకటి ఇందులో పెట్టారని చదివాను. ఆ దారి ఎలాగైనా ఆవిడకి చూపించాలని నా ఆరాటం.

అప్పుడు వాళ్ళ కాపురం కొల్లేటికోటలో. మామయ్యకి చేపల చెరువులు. పొద్దున్నే పడవ మీద వెళ్ళి, తవుడు నింపిన చిల్లుల సంచులు చెరువులో తాళ్ళకి వేలాడగట్టి వచ్చేవారు. ఆయన కంటే ముందు ఆ తవుడు వాసన ఇంట్లోకి వచ్చేది. సెలవులకి వెళ్తూ, ఏలూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న క్యాసెట్ల డబ్బా సంచిలో వేసుకెళ్ళాను. కన్సోలంటే అదండీ. క్యాసెట్ దోపి మీట నొక్కితే ఆట, అంతే. మనం ఎక్కడ ఆపామో గుర్తుంచుకోడానికి క్యాసెట్లోపల చొక్కా బొత్తామంత బ్యాటరీ ఒకటి ఉండేది.

వీరుడి పేరేమిటని ఆట అడిగితే తమాషాకి మామయ్య పేరు కొట్టాను. అన్ని అక్షరాలు పట్టక సగం పేరే పడింది. కొంప మునిగింది అక్కడే. మా అత్తయ్య మొగుడి పేరు నోటితో అనదు, సగం కూడా అనదు. తెర మీది ఇంగ్లీషు నేను తెలుగులో చెబుతుంటే పక్కన గోంగూర వలుస్తూ, "వారికి దెబ్బ తగిలిందిరా, ముందు మందు పట్టు" అనేది. వారికి చిన్న గీరుడు పడినా మందే. అవతల మా జట్టులోని మంత్రగత్తె నేల మీద పడి ఉన్నా ఆవిడకి పట్టేది కాదు. వారిని వెనక వరసలో నిలబెట్టమనేది. వీరుణ్ణి వెనకాల దాచుకుని యుద్ధాలు గెలిచినవాళ్ళం ప్రపంచంలో మేమిద్దరమే అయ్యుంటాం.

ఆఖర్న ఒక కోట వచ్చింది. వీరుడు గుమ్మం దాటి లోపలే ఉండిపోయి ప్రాణం ఇస్తేనే మిగతావాళ్ళు బతుకుతారని అక్కడి కాపలావాడు చెప్పాడు. అత్తయ్య ఒప్పుకోలేదు. "ఇంకో దారి ఉంటుంది, సరిగ్గా చూడు" అంది. ఆ కోట గోడలన్నీ తడిమి తడిమి చూశాను. లేదు. చెరువు నుంచి వచ్చిన మామయ్య తలగుడ్డ విప్పుకుంటూ, "పోనివ్వవే, ఆటే కదా" అన్నారు. "మీరు ఊరుకోండి" అంది, నవ్వకుండా. వీరుణ్ణి ఆ గుమ్మం ముందే ఆపించి, క్యాసెట్ తీసుకెళ్ళి తన బీరువాలో పెట్టేసుకుంది.

మామయ్య నిరుడు గుండెపోటుతో పోయారు. పొద్దున్నే, తవుడు సంచులు కట్టి వచ్చాక.

ఈ కొత్త ఆటని అత్తయ్య రాకముందే ఒక్కణ్ణీ ఆ గుమ్మం దాకా ఆడి ఉంచాను. తీరా చూస్తే వీరుడు బతికే దారి విడిగా కొనుక్కోవాలట. చావు ఊరికే, బతుక్కి వేరే బిల్లు. కంపరం పుట్టింది. అయినా కొన్నాను. అంతకంటే ఒళ్ళు మండిన సంగతి, పేరు పెట్టుకోనివ్వలేదు. వాళ్ళే ఏదో పేరు తగిలించి, కళ్ళ మీద పడే జుట్టొకటి పెట్టి, ముక్కుతో మాట్లాడే గొంతొకటి ఇచ్చారు.

గీత నిండింది. అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకుని ఆ దారిన నడిపించాను. వీరుడు కోటలోంచి క్షేమంగా బయటికొచ్చాడు. వెలుగు, సంగీతం, ఆ హడావిడంతా అయింది. నేను అత్తయ్య మొహం చూశాను.

"ఈ అబ్బాయెవర్రా?" అంది.

"ఆ ఆటే అత్తయ్యా. నువ్వు అన్నట్టే ఇంకో దారి ఉంది. మామయ్య బయటపడ్డారు."

"పోన్లే, ఎవరో బతికాడు, మంచిదే" అని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వారు ఇందులో ఎందుకుంటార్రా? మనం లోపలికి పంపలేదుగా. ఆ గుమ్మం ముందే ఉన్నారు, నా బీరువాలో."

క్యాసెట్లో ఆ బొత్తామంత బ్యాటరీ ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. అది ఎండిపోతే గుమ్మమూ ఉండదు, ముందు నిలబడ్డవారూ ఉండరు. ఆ మాట ఆవిడకి చెప్పలేదు. ఆవిడ భీమడోలు బస్సెక్కాక కొత్త ఆటని మాత్రం డబ్బాలోంచి తీసిపారేశాను. కాలం ఎంత గడిచిపోయిందో తెలుసుకోవాలంటే ఆ పాత క్యాసెట్ ఒక్కసారి దోపితే చాలు, అందుకే నేనున్నంతకాలం ఆ పని చెయ్యను.