మామ చెప్పిన సగం పద్యాలు

మొన్న చిత్తూరు కోర్టులో ఎవరిదో వీడ్కోలు సభ. నల్లకోటు కూడా విప్పకుండా ఒక లాయరమ్మాయి లేచి తాను రాసిన కవిత చదువుతుంటే, చుట్టూ ఉన్నవాళ్లందరూ సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నాకు మాత్రం మా మేనమామ గుర్తొచ్చాడు.

డెబ్బైల చివర్లో లా పట్టా పుచ్చుకుని నేను జూనియరుగా చేరింది ఆయన దగ్గరే. వారమంతా పొలం గట్ల తగాదాలు, మామిడితోపుల భాగాలు. ఆదివారం వచ్చిందంటే చాలు, కండువా వేసుకుని నన్ను వెంటబెట్టుకుని తిరుపతి బస్సెక్కేవాడు. అక్కడ సభలో ఎవరేది అడిగితే దాని మీద, నీళ్లు రాని కుళాయి మీదయినా సరే, అప్పటికప్పుడు పద్యం కట్టి రాగం తీసి పాడేవాడు; జనం మళ్లీ మళ్లీ అని అరిచేవాళ్లు. కానీ ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు మహానుభావుడు. నేను కలం తీస్తే, "రాసేది కోర్టులో సాలదా అల్లుడా? ఈడన్నా తలెత్తి నన్ను సూడు" అని కసిరేవాడు.

ఆ పద్యాలన్నీ గాలికి పోతాయని నాకు ఒకటే దిగులు. టేపురికార్డరున్న ఇల్లంటే ఆ రోజుల్లో ఎంత గొప్పో మన కాలం వాళ్లకు తెలుసు. తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చి, మామను బతిమాలి బామాలి ఒప్పించాను. రోడ్డు చప్పుడు పడకూడదని, ఆఫీసుగా వాడుకునే ఇంటి ముందుగదికి తలుపులన్నీ మూసి, బల్లకు అటు ఆయన, ఇటు నేను కూర్చున్నాం. మీట నొక్కాను. ఏం చెప్పమంటారు! ఎదురుగా జూనియరు, మధ్యలో బల్ల. జీవితమంతా దావాలు చెప్పి రాయించిన అలవాటు ఎక్కడికి పోతుంది? రాగం లేదు, పాడు లేదు, ఒక్కో మాటా ఆగి ఆగి పలుకుతూ, పద్యం మధ్యలో "కామా" అన్నాడు, పాదం చివర "ఫుల్‌స్టాప్" అన్నాడు. కాఫీ తెచ్చిన అత్త గుమ్మంలోనే నిలబడిపోయి, "ఇదేంది, పద్యం సెప్తా ఉండారా, దావా ఏస్తా ఉండారా?" అంది. ముగ్గురం పడీపడీ నవ్వాం.

"ఎదురుగా జనం లేకుంటే పద్యం యాడొస్తాదిరా? వచ్చే సభలో పట్టుకుందువులే" అన్నాడు మామ, కళ్లు తుడుచుకుంటూ. ఆ ఒక్క పద్యమూ పూర్తికాకుండానే టేపు ఆపేశాం.

ఆ సభ రాకముందే పక్షవాతం వచ్చి మామకు మాట పడిపోయింది. అంత గొంతు, అలా ఎలా పోయిందో!

సాయంత్రం కోర్టు నుంచి రాగానే అత్త నన్ను ఆయన మంచం దగ్గర కూర్చోబెట్టి, "నీకు వచ్చిండేవి సెప్పు నాయనా, మీ మామ ఇంటాడు" అనేది. చెప్పేవాణ్ణి. ఏ పద్యమైనా రెండు పాదాల దగ్గర ఆగిపోయేది. మిగతా రెండూ ఆయనకు తెలుసు. పెదవులు కదిలించేవాడు, కదిలే చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు, మాట మాత్రం వచ్చేది కాదు. ఆ చూపు తట్టుకోలేక నేను ముఖం తిప్పుకునేవాణ్ణి.

మామా పోయాడు, అత్తా పోయింది. తిరుపతి సభల్లో ఇప్పుడు పద్యం కట్టమని అడిగేవాళ్లు కూడా లేరు. ఆ సగం పద్యాలు మాత్రం ఇప్పటికీ నా నోటికి వస్తూనే ఉంటాయి. అప్పుడు నేను ఆగిపోతే, చెప్పలేకపోయినా మిగతాది తెలిసిన మనిషంటూ ఒకడు ఎదురుగా ఉండేవాడు. ఇప్పుడు నేను తప్పు చదివినా కాదనేవాళ్లు లేరు.