సంపత్ బూటులో తూటా

పదేళ్లు దాటింది ఈ బరువు మోయబట్టి. ఇంట్లో చెప్పలేదు. నా భార్య దృష్టిలో నేనొక హీరోని, పాపం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను, ధైర్యం వచ్చి కాదు.

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్లో మా తెలుగువాళ్లకు ఏటా ఒక సరదా. నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పుతారు. "అంకుల్ ఆర్మీలో చేశారు" అని పిల్లలకు చూపిస్తారు. తమ పిల్లాడే చేరతానంటే మాత్రం గుండె పట్టుకుని కూలబడే జనం! నేనూ తక్కువ తినలేదు. మైకు పుచ్చుకుని స్నేహం గురించి, క్రమశిక్షణ గురించి దంచేస్తాను. ఆర్మీయే నన్ను మనిషిని చేసిందంటాను. ఛీ, ఆ మాట అనడానికి సిగ్గుండాలి.

ఇక్కడ మాస్టర్స్ చేస్తుండగా అమెరికా ఆర్మీలో చేరాను. మన భాషలు వచ్చినవాళ్లను తీసుకుని ట్రైనింగ్ అవగానే సిటిజన్‌షిప్ ఇస్తామన్న రోజులవి. దేశభక్తీ లేదు, గాడిదగుడ్డూ లేదు, హెచ్‌వన్‌బీ వీసా లాటరీ అంటే భయం. సంతకం పెట్టాక ఇక మన ఇష్టంతో పనిలేదు. పాకమంటే పాకాలి. ఎక్కడికీ ఒంటరిగా పోకూడదు, ప్రతివాడికీ ఒక జతగాడు ఉండాలి. నా జతగాడు సంపత్, వరంగల్ వాడు, నాలాగే చదువు వదిలేసి వచ్చినవాడు. ఏడుపు మొహంతో తిరిగే నన్ను నవ్వించేవాడు. సంచీలు మోస్తూ మైళ్లకొద్దీ నడిచే మార్చ్‌లో కాళ్లు బొబ్బలెక్కి నేను కూలబడితే నా సంచీ కూడా వాడే భుజాన వేసుకున్నాడు. ఆ ట్రైనింగులో నేను కాస్త గట్టిపడ్డానంటే అది వాడి పుణ్యమే.

కాల్పుల ప్రాక్టీసు అయ్యాక ఒక్కొక్కరం సార్జెంట్ ముందు నిలబడి, నా దగ్గర తూటాలు లేవు, పేలిన తూటాల ఖాళీ తొడుగులు లేవు అని అరిచి చెప్పాలి. నేనూ అరిచాను. బ్యారక్‌కి వచ్చి జేబులో చెయ్యి పెడితే ఒక తూటా తగిలింది. మర్చిపోయాను, అంతే. వెళ్లి ఇచ్చేస్తే తిట్లు తినేవాణ్ణి, మహా అయితే ఇంకో బ్యాచ్‌తో ట్రైనింగ్ మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. అంతలో తనిఖీ అంటూ కేకలు. పక్క మంచం కింద సంపత్ బూట్లు కనిపించాయి. ఒకదాంట్లో పడేశాను. వాడి బూటే ఎందుకు? చెత్తబుట్ట లేదా, కిటికీ లేదా? వాడైతే నన్ను అనుమానించడని, ఎన్నడూ అనుమానించలేడని, నాకు ముందే తెలుసేమో.

తూటా దొరికింది. వాడు తెల్లబోయాడు. దొంగిలించావన్నారు, అబద్ధమాడావన్నారు, చివరికి సర్వీసు నుంచి తీసేశారు. స్టూడెంట్ వీసా అప్పటికే పోయింది, సిటిజన్‌షిప్ రాలేదు. ఇక ఈ దేశంలో ఉండే దారే లేదు. బ్యాగు సర్దుకుంటూ అడిగాడు.

"నేను పెట్టలే మామా. ఎవ్వడు నమ్ముతలేడు. నువ్వన్న నమ్ముతున్నవా?"

"నమ్ముతున్నాన్రా."

"గది చాలు. జర పైలం మామా."

నన్ను జాగ్రత్తగా ఉండమని చెప్పి పోయాడు, వెర్రివాడు! కొన్ని వారాలకు నేను జెండా ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసి పౌరుణ్ణయ్యాను. ఆ చెయ్యే.

సంపత్ ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. మొన్న వీడియోలో నన్ను వాళ్లావిడకు చూపిస్తూ, "ఆడ నన్ను నమ్మినోడు ఈయన ఒక్కడే" అన్నాడు. ఆవిడ నాకు చేతులు జోడించింది. నేనూ జోడించాను. ఇంతకన్నా నీచం ఉంటుందా?

క్షమించమని మిమ్మల్ని అడగను. అడిగే ముఖం లేదు. సంపత్‌కి చెబుతానా అంటే, నాలాంటి పిరికివాడి మాట మీద పందెం కాయకండి. కానీ ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. వాడు అబద్ధమాడలేదు. వాడి మాట నిజమని ఆ బ్యారక్‌లో నాకు తెలిసినంత గట్టిగా ఇంకెవరికీ తెలియదు.

పెట్టింది నేను.