బాయిలరు పక్కన రెండు కుర్చీలు

సేఫ్టీ వాల్వు తెరుచుకున్నప్పుడు వచ్చే చప్పుడు నాకు ఇష్టం. ముందు ఎవరో చీదినట్టు చిన్నగా, ఆ వెంటనే చెవులు గింగురుమనేలా బుస్సుమని. యశ్వంతనగర్ దగ్గర ఇనుప ఖనిజం కడిగే ప్లాంటులో యంత్రాల మరమ్మతులూ, మనుషుల భద్రతా రెండూ ఇప్పుడు నేనే చూస్తున్నాను. ప్రతి సోమవారం పొద్దున కంప్రెసర్ గదికి వెళ్ళి, గాలి ట్యాంకు మీది ఆ వాల్వు పిడిని నా చేత్తోనే లాగి చూస్తాను. లోపల ఒత్తిడి మితిమీరితే తనంతట తాను తెరుచుకుని బయటికి వదిలేయడం దాని పని. కొత్తగా చేరిన పిల్లలు ఉలిక్కిపడి చెవులు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ చప్పుడు వినగానే ఉడుకుతున్న వడ్ల వాసన వస్తుంది. చప్పుడుకు వాసనేమిటని అడగకండి. సిరుగుప్ప రైసుమిల్లులో రుద్రప్ప సారు కింద పనిచేసినవాళ్ళకు ముక్కూ చెవీ అలాగే కలగలిసిపోతాయి.

డిప్లొమా చేతికి రాగానే దేశనూరు నుంచి బస్సెక్కి ఆ మిల్లులో చేరాను. మెయింటెనెన్స్ ఇన్‌చార్జి రుద్రప్ప సారు ఆరడుగుల మనిషి. గొంతు వడ్ల పొట్టు తీసే హల్లరు మిషను కన్నా పెద్దది. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో పనిచేసి వచ్చానని ఎవరికో ఒకరికి చెప్పనిదే ఆయనకు టీ దిగేది కాదు. మొదటిరోజు నా చేతికి పొడవాటి స్క్రూడ్రైవరు ఇచ్చి, దాని మొన తిరుగుతున్న మోటారు బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకోమన్నారు.

"ఏం వినిపిస్తాండాదమ్మా?"

"గురగురమంటోంది సార్."

"గురగుర అందరికీ వినిపిస్తాది. ఏడుస్తాండాదా, గొణుగుతాండాదా?"

ఏదో ఒకటి చెప్పాలి కదా అని గొణుగుతోందన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూసినావా! గొణిగేటప్పుడే పలకరించల్ల. ఏడ్చేదాకా ఊరికే ఉంటే బేరింగు పోతాది, బేరింగుతో షాఫ్టు పోతాది, షాఫ్టుతో మన మానం పోతాది" అన్నారు. పాడయ్యాక బాగుచేయడం వేరు, పాడవకముందే చూసుకోవడం వేరు అని తర్వాత లావుపాటి పుస్తకాల్లో ఎన్నో పేజీలు చదివాను గానీ, ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు. ఈ సూత్రమేదో ఆయన ఇంట్లో కూడా పాటించి ఉంటే బాగుండేదని వాళ్ళావిడ ఒకసారి నాతో అంది, అది వేరే సంగతి.

చిక్కంతా మిల్లు యజమానితో. మేమంతా ఆయన్ని సావుకారు అనేవాళ్ళం. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి కాలవ కింద మళ్ళు కొన్నారు, మనవడు మిల్లు పెట్టాడు. మంచివాడే. కానీ తిరుగుతున్న మిషనును ఆపమంటే ఆయన ప్రాణం ఆగినట్టే ఉండేది. "తిరుగుతోంది కదయ్యా రుద్రప్పా! నడిచే మనిషిని పడుకోబెట్టి కాలు కోసి చూస్తామా?" అనేవాడు. సారు బేరింగుల గురించీ బెల్టుల గురించీ గొంతు పోయేలా చెప్పేవారు. సావుకారు ఓపిగ్గా విని, టీ తెప్పించి, మిషను మాత్రం ఆపేవాడు కాదు.

అప్పుడే సారుకు అమావాస్య గుర్తొచ్చింది. మా వైపు అమావాస్య అంటే లారీలకు పెద్ద పండగ. కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు నలిపి, కొబ్బరికాయ కొడతారు. ఆరోజు బండి తీయని ఓనర్లు ఎంతోమంది. సారు గుడి మెట్టెక్కగా నేనెప్పుడూ చూడలేదు. అలాంటి మనిషి ఒకరోజు సావుకారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "సావుకార్రే, లారీకి అమావాస్య చేస్తారు. లారీకంటే మన బాయిలరు తక్కువదా? రాత్రీ పగలూ నిప్పు మింగి బతుకుతాండాది. అది మనసులో పెట్టుకుంటే ఏం గతి?" అన్నారు. సావుకారు అక్కడికక్కడే వడ్లు ఉడికించే ఆ బాయిలరు వైపు తిరిగి లెంపలేసుకున్నాడు.

ఆ నెల నుంచి అమావాస్య రోజు మిల్లంతా బందు. ముందు వైపు అయ్యగారి మంత్రాలు, వెనక వైపు గ్రీజు గన్నులతో మేము. పూజ ముగిస్తే సావుకారు స్విచ్చు వేయించేస్తాడు కాబట్టి పని కాకముందే పూజ కాకూడదు. ఒకసారి వడ్లను పైకి చేరవేసే ఎలివేటరు బెల్టు సగం ఎక్కించి ఉండగా హారతి పళ్ళెం చప్పుడు వినిపించింది. సారు మోచేతుల దాకా నూనెతో ముందుకు పరుగెత్తారు.

"స్వామీ, ఇంకో అష్టోత్తరం ఉండాది గదా?"

"చదివినానప్పా, అయిపోయింది."

"బేగ అయిపోయింది గదా, ఎవరికీ సరిగ్గా వినపడల్యా. ఇంకోసారి చదవండి."

అయ్యగారు తెలివైనవాడు. సారు చేతుల కేసి చూసి మళ్ళీ మొదలుపెట్టాడు. దేవుడితో సారుకు వచ్చిన తగాదా ఒక్కటే. భక్తి ఎక్కువై ఎవరో బాయిలరు నీళ్ళ గాజుకు కూడా కుంకుమ పులిమేవాళ్ళు. సారు చొక్కా అంచుతో తుడిచేస్తూ కేకలేసేవారు. "బొట్టు దేవుడికి పెట్టండప్పా, గాజుకు కాదు. లోపల నీళ్ళు ఎంత ఉండాయో దేవుడికి ఎట్లాగూ కనపడతాది. నాకూ కనపడల్ల గదా!"

మిషన్లు ఆగిపోవడం తగ్గింది. సావుకారు ఆ పుణ్యమంతా కొబ్బరికాయల ఖాతాలో వేసి, పక్క మిల్లులవాళ్ళకు కూడా అమావాస్య మహిమ బోధించాడు. సారు పైకి నవ్వేవారు గానీ, అంత గ్రీజు పూసిన మనిషికి లోపల ఎక్కడో కొంచెం గుచ్చుకునే ఉంటుంది.

ఆ అమావాస్య నమ్మకమే మా మెడకు చుట్టుకుంది. ఒక కోతల కాలంలో, అమావాస్య వెళ్ళిన రెండు రోజులకే, సారు ఎప్పటిలాగే బాయిలరు సేఫ్టీ వాల్వు పిడి లాగారు. అది కదల్లేదు. రెండు చేతులా లాగినా కదల్లేదు. ఆవిరి ఎక్కువైతే బయటపడే దారి అదొక్కటే, అది బిగుసుకుపోయింది. కొత్త వాల్వు స్టోరులో ఉంది. కానీ బిగించాలంటే బాయిలరు ఆర్పి చల్లార్చాలి, అంటే ఒక రోజు పోతుంది. బయట బియ్యం కోసం లారీలు వరసకట్టి ఉన్నాయి. సారు వెళ్ళి, బాయిలరు పేలుతుంది, ఆపమని అడిగారు. సావుకారు నవ్వాడు.

"మొన్ననే కదయ్యా అమావాస్య చేశాం! మళ్ళీ అమావాస్యకు చూద్దాంలే. అంతవరకూ ఆ దేవుడే చూసుకుంటాడు."

సారు ఏ మాటతో ఇన్నాళ్ళూ మిల్లు ఆపారో, ఆ మాటే ఇప్పుడు మిల్లును ఆపనివ్వడం లేదు. ఆయన గిర్రున తిరిగి బాయిలరు గదికి వెళ్ళారు. అక్కడ మంట చూసుకునే ఫైర్‌మన్ మస్తాన్ చెవిలో ఏదో చెప్పి, అతన్నీ మిగతావాళ్ళనూ బయటికి పంపేశారు. ఆఫీసులోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బాయిలరు పక్కన వేశారు.

"దేవుడు చూసుకుంటాడంటిరి గదా సావుకార్రే. రండి, ఈడ కూర్చోండి. మీరు కూర్చుంటే నేను నడుపుతా."

భయపడి వెనక్కి తగ్గుతాడనుకున్నాం. సావుకారు పంచె ఎగ్గట్టి వచ్చి దర్జాగా కూర్చున్నాడు! సారు ఇంకో కుర్చీ తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చున్నారు. నన్ను గుమ్మం అవతలికి, ఇంకా అవతలికి పొమ్మని చెయ్యి ఊపారు. నేను రెండడుగులు వెనక్కి వేసి ఆగిపోయాను. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. సావుకారు కళ్ళజోడు గల్లాపెట్టె మీద మరిచిపోయి వచ్చాడు, ఆ సంగతి ఒప్పుకోడు.

"ఒత్తిడి ముల్లు ఎక్కుతోందా రుద్రప్పా?"

"మీ ఎదురుగానే ఉండాది గదా, చూడండి."

సావుకారు కళ్ళు చికిలించి, అంతా కనిపించినట్టే తలూపాడు. కాసేపటికి ఉండబట్టలేక అడిగాడు. "పేలుతుందని అన్నది నువ్వే కదయ్యా. మరి నువ్వెందుకు కూర్చున్నావు?"

సారు గొంతు అంత చిన్నదిగా నేనెప్పుడూ వినలేదు. "మిషనుకు అమావాస్య ల్యా, పున్నమీ ల్యా సావుకార్రే. మీరు ఆపరని నేను అల్లిన కథ అది. దాన్ని నమ్మే గదా మీరు ఈడ కూర్చున్నారు. మిమ్మల్ని ఒంటిగా ఇడిసిపెట్టి నేను యాడికి పోయేది?"

"అంటే... ఇన్నాళ్ళూ నేను కొట్టిన కొబ్బరికాయలు?"

"చట్నీకి వచ్చినాయి కదప్పా, యాడికీ పోలేదు."

సావుకారుకు కోపం వచ్చింది. సూటిగా చెప్పి ఏడవచ్చుగా అన్నాడు. "ఇప్పుడు చెప్తా వినండి" అని సారు ఎదురుగా ఉన్న గోడ చూపించారు. "ఆ గోడ ఆ పక్క వడ్లు ఎండబోసే హులిగమ్మా వాళ్ళు మధ్యాహ్నం అన్నం తింటారు. ఎండకు నీడ అదొక్కటే. ఇది పగిలితే ముందు పోయేది మస్తానూ, ఆ గోడా. తర్వాత వాళ్ళు. అన్నం చేత్తో పట్టుకునే పోతారు. నాకు తెలిసింది ఇంతే, ఇంక కథ ల్యా."

సావుకారు ఆ గోడ వైపు చూశాడు. తర్వాత లేచి, పంచె దులుపుకుని, "ఆపేయండి" అన్నాడు.

ఆర్పడానికి అక్కడ పెద్దగా మంట లేదని మస్తాన్ నాకు తర్వాత చెప్పాడు. కుర్చీ తేకముందే సారు అతని చేత పొయ్యిలో ఊక వేయడం ఆపించి, గాలి మూయించేశారట. సావుకారు చూడలేకపోయిన ఆ ముల్లు అంతసేపూ కిందికే దిగుతోంది. పాఠం చెప్పడానికి కూడా ప్రమాదంతో ఆడుకోని మనిషి ఆయన. ఊడదీసిన వాల్వును, సున్నం కట్టుకుపోయిన నోటితో సహా, సావుకారు బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత సారు సూటిగా అడిగితే చాలు, మిల్లు ఆగేది. అయినా అమావాస్య పూజలు ఆగలేదు. "ఉండనీవయ్యా, చట్నీ బాగుంటోంది" అన్నాడు సావుకారు.

సారు పోయి రెండేళ్ళవుతోంది. ఎక్కడైనా మోటారు గొణిగితే ఇప్పటికీ ఆయనకు చెప్పాలనిపిస్తుంది. ఫోనులో ఆయన నంబరు తీసేయడానికి నాకు మనసు రాలేదు.

మొన్న పొద్దున మా ప్లాంటులో గాలి ట్యాంకు వాల్వు పిడి బిగుసుకుంది. ఆపాలన్నాను. మేనేజరు గారు కొత్త మనిషి, చదువుకున్నవాడు, అమావాస్యల మీద నమ్మకం లేదు. "ఈ నెల టార్గెట్ అయిపోనివ్వండి మేడమ్, ఏం కాదు" అన్నారు. నేను వాదించలేదు. రుద్రప్ప సారులాగే ముందు కంప్రెసరు ఆపించి వచ్చి, ఆ ట్యాంకు పక్కన ఎవరు నిలబడి పనిచేస్తారో ఒక్కొక్కరి పేరూ ఆయనకు చెప్పాను. తర్వాత ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి, కంప్రెసర్ గదిలో మూలకు పెట్టుకున్న ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి ట్యాంకు పక్కన వేశాను.

"రెండెందుకు?" అన్నారాయన.

"ఒకటి మీకు సార్" అని, రెండో దాంట్లో నేను కూర్చున్నాను.