గోడ మీద ఆరు అద్దాలు

1941 వానాకాలం మొదట్లో, మొఘల్‌పురాలోని ఒక పాత దేవిడీ. మొదటి రోజు అక్కడ ఉన్నవి: ఓవర్‌సీర్‌గా నేను, చౌకీదారు మల్లయ్య, అతని భార్య లచ్చవ్వ, ఒక నిచ్చెన, తట్టెడు తడి సున్నం, ఆరు అద్దం పట్టీలు, మేడ నుంచి కిందిదాకా గోడలో పాకిన ఒక పగులు.

ఎప్పుడో ఒక నవాబు యూరప్ చూసొచ్చి బరోక్ పద్ధతిలో కట్టించిన ఇల్లది. మెలితిరిగిన స్తంభాలు, గచ్చుతో చేసిన తీగలు, రెక్కలున్న పసిపిల్లల బొమ్మలు. దాన్ని మ్యూజియం చేయాలనుకున్నారు. గోడ నిలుస్తుందో లేదో తేల్చడం నా పని.

పగులుకు అడ్డంగా సన్నని అద్దం పట్టీ పెట్టి రెండు కొసలూ సున్నంతో అతికిస్తాం. దీన్ని టెల్‌టేల్ అంటారు. గోడ వెంట్రుకంత కదిలినా అద్దం పలుగుతుంది. తేదీలు పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాశాను.

"ఏంది సాబ్, గోడకు దెబ్బ తాకిందా? పట్టీలు కట్టిన్రు," అని మల్లయ్య నవ్వాడు.

నేను నవ్వలేదు. "ముట్టకు. ఒక్కటి పలిగినా నీదే జవాబ్‌దారీ," అన్నాను. ఎందుకు పెట్టానో చెప్పలేదు.

ఆ గోడ పక్కనే వాళ్ల గది. ముప్పై ఏళ్ల నౌకరీ. మ్యూజియం వచ్చాక తనను ఉంచుతారా, వెళ్లగొడతారా అన్నదే మల్లయ్య ఫికర్.

నాలుగు నెలలు వారం వారం వెళ్లాను. ఆరు పట్టీలూ చెక్కుచెదరకుండా ఉండేవి. ఒకసారి సున్నం మరీ తెల్లగా కనిపించి అడిగాను.

"దుమ్ము వడితె తుడిచిన సాబ్," అన్నాడు.

మంచి పని చేశావన్నాను. 'కదలిక లేదు' అని రిపోర్టు రాశాను. అది నమ్మి రాతి విగ్రహాలను మేడ మీది హాలుకు ఎక్కించారు.

మూడో రోజు మధ్యాహ్నం గోడ కూలింది. లచ్చవ్వ నీళ్లకు పోయింది. మల్లయ్య కింద ఊడుస్తున్నాడు. అతన్ని బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

పదకొండో రోజు దాటాక లచ్చవ్వ నా దగ్గరికి వచ్చింది. కూలిన గదిలోంచి తీసిన పెట్టెలో ఒక గుడ్డమూట దొరికిందట. నా ముందు విప్పింది. నిండా అద్దం ముక్కలు.

"ఆయన పలగ్గొట్టలే సాబ్, ఒట్టు. వాటంతట అవే పలిగినయి. నౌకరీ పోతదని బుగులైంది. బేగంబజార్ల గసొంటియే కోయించుకొచ్చి అతికిండు."

"నాకు చెప్పొచ్చు కదా అవ్వా?"

"చెప్తె మీరు నమ్ముదురా?"

ఇప్పుడు ఏ ఇంట్లో పట్టీ పెట్టినా, మారిస్తే తెలిసేలా తేదీ అద్దం మీదే రాస్తాను. ఆ ఇంట్లో ఉండేవాళ్లను పిలిచి, ఇది పలగడానికే పెట్టింది, పలిగితే మీ తప్పు కాదు, ఉరికి వచ్చి చెప్పండి అంటాను.

ఆ రోజు లచ్చవ్వ వెళ్లాక ముక్కలను పట్టీలుగా జతచేసి లెక్కపెట్టాను. పదిహేడు.