వెనక్కి చూడని నడక

మా ఆయన గుండె సంగతి మేం బయల్దేరక ముందే ఆయనకు తెలుసు. నాకు తెలియదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఆ రెండేళ్లలో చూసిన దీవుల్నీ కొండల్నీ ఎట్లా తలుచుకున్నా ఇప్పుడు దాని మీదుగానే పోవాల్సి వస్తోంది.

నరసరావుపేటలో మాకు బట్టల కొట్టు ఉండేది. పిల్లలు లేరు. కొట్టే ఇల్లు, ఇల్లే కొట్టుగా ముప్పై ఏళ్లు గడిచాయి. ఒకరోజు ఆయన సరుకు కోసమని గుంటూరు వెళ్లి ఉత్త చేతుల్తో తిరిగొచ్చారు. అన్నంలో మజ్జిగ పోసుకుంటూ, "ఏమే, కొట్టు ఎవరికన్నా ఇచ్చేద్దాం. దీవులూ కొండలూ చూసొద్దాం. ఒకటీ రెండూ కాదు, తిరిగినన్నాళ్లు తిరుగుదాం," అన్నారు.

"ఏంది, గుంటూర్లో ఎవరన్నా మందు పెట్టారా మీకు?" అన్నాను.

ఆయన నవ్వారు. ఆ పూట తిన్నది రెండు ముద్దలే. అది నా కంట పడింది కానీ బుర్రకెక్కలేదు. నా సంతోషంలో నేనున్నాను మరి. పెళ్లయిన కొత్తలో సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ దీవి చూశాను. మొదటి దీవీ అదే, ఆఖరిదీ అదే అనుకుని బతుకుతున్నదాన్ని. ఇంకెందుకు అడుగుతాను?

మా నడక పద్ధతి గురించి కూడా చెప్పాలి. కోటప్పకొండ కథలో స్వామి ఒక గొల్లభామ వెంట ఆమె ఇంటికి వస్తానంటాడు. నువ్వు ముందు నడువు, వెనక్కి మాత్రం చూడొద్దంటాడు. సగం దారిలో ఆమె చూస్తుంది. స్వామి ఉన్నచోటే ఆగిపోతాడు. మా పేటలో ఈ కథ తెలియని పిల్ల ఉండదు. మా అత్తగారు మాత్రం దీన్ని కథగా వదల్లేదు, ఇంటి చట్టం చేసి పెట్టింది. "కొండెక్కేటప్పుడు ఎనక్కి సూడమాక అమ్మాయ్, ఎనకొచ్చేవాడు ఆగిపోతాడు," అనేది. శివరాత్రికి మెట్లెక్కితే నేను ముందు, ఆయన నా వెనక, ఆవిడ ఆయన వెనక. మెడ కాస్త కదిలితే చాలు, ఆవిడ దగ్గు వినబడేది. ఆవిడ పోయినా అలవాటు పోలేదు. కొండ మీద నేను వెనక్కి చూడనని అందరికన్నా బాగా ఎరిగినవాడు మా ఆయన.

మొదట అండమాన్ వెళ్లాం. ఒక చిన్న దీవిలో గది తీసుకుని నెలన్నర ఉన్నాం. నడుం లోతు నీళ్లలో నిలబడితే నా కాలి మెట్టెలు కనబడేవి. అవతలి ఒడ్డుకు పోవాలంటే అడవిలోంచి ఒక గుట్ట ఎక్కి దిగాలి. రోజూ నేను ముందు, ఆయన వెనక. కాసేపటికి, "ఆగవే, ఫొటో తీసుకుంటా," అని వినబడేది. ఆగేదాన్ని, తిరిగేదాన్ని కాదు.

"ముప్పై ఏళ్లు చీరలు మడతేసిన చేతికి ఇప్పుడు ఈ ఫొటోల పిచ్చేందండీ!" అని ఎదురుగా ఉన్న చెట్టుకేసి తిట్టేదాన్ని.

జవాబు ఆలస్యంగా వచ్చేది. ఫొటో కుదరక ఆలస్యమనుకునేదాన్ని.

వానలు వెనకపట్టాక మేఘాలయ చేరాం. అక్కడ చెట్టు వేళ్లనే అల్లి వంతెన చేస్తారు. అది చూడాలంటే లోయలోకి మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కిరావాలి. ఎక్కి వస్తుంటే మెట్ల పక్కన ఒక పెద్దావిడ నారింజలూ వెదురు కర్రలూ పెట్టుకుని కూర్చుంది. ఆయనకో కర్ర కొందామని ఆగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నా వెనక దిగువకు వేలు చూపించి, తన గుండె మీద అరచెయ్యి పెట్టుకుని ఏదో చెప్పింది. భాష రాదు. మా ఆయన నా మీద మనసుపడి వెంట వస్తున్నాడని సరసమాడుతోంది కాబోలనుకుని సిగ్గుపడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు, చెయ్యీ వదల్లేదు. కర్రకు డబ్బులిచ్చి నేనే విడిపించుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కర్ర వచ్చాక నాకు నిశ్చింత అయింది. వెనక రాయి మీద టక్కు టక్కుమంటుంటే ఆయన ఉన్నట్టు. నా కబుర్లు నేను చెప్పుకుంటూ పోయేదాన్ని. రానురాను ఆ చప్పుడు చిన్నదవుతోందని తెలుస్తూనే ఉంది. గాలి అటు వీస్తోందిలే అని సర్దిచెప్పుకున్నాను.

రెండో ఎండాకాలం హిమాచల్‌లో పై ఊళ్లకు పోయాం. పచ్చదనం లేని కొండలు, పల్చటి గాలి. కొండ మీద ఒక సరస్సు ఉందంటే, అక్కడికి ఎక్కబోయే ముందురోజు సాయంత్రం, "ఆ సరస్సు చూసి ఇంటికి పోదామండీ, చానా తిరిగాం," అన్నాను. "ఇంటికి పోతే పడుకోబెడతావ్," అన్నారు. ఎందుకు పడుకోబెడతానో అడగాలి కదా. అడగలేదు, పక్క సర్దుకుంటున్నాను.

పొద్దున్నే బయల్దేరాం. కోటప్పకొండ మీద కాకి వాలదంటారు. ఇక్కడ రెండు నల్ల పక్షులు, కాకుల్లాంటివే, ముక్కు మాత్రం పసుపు, రాయి మీంచి రాయి మీదకు ఎగురుతూ మా వెంటపడ్డాయి. "మన చపాతీల వాసన తగిలిందే వీటికి," అని వెనక నుంచి అన్నారు. ఆ మాట మూడు ముక్కలుగా వచ్చింది. కాసేపటికి చూస్తే ముందున్న రాళ్ల మీద పక్షులు లేవు.

తర్వాత కర్ర చప్పుడు ఆగింది.

ఫొటో అనుకున్నాను. పది అడుగులు వేశాను. ఇంకో పది వేశాను. మెడ తిరగబోతే అత్తగారి దగ్గు చెవిలో వినబడింది. భయమేసి తిరిగానని చెప్పుకోవచ్చు, ఎవరు కాదంటారు? కానీ నేను తిరిగింది కోపంతో.

"ఏందండీ ఆ ఫొటోలు! పొద్దుగూకేదాకా ఇక్కడే ఉంటారా?" అని అరుస్తూ తిరిగాను.

ఆయన చానా కింద, ఒక రాయికి ఆనుకుని కూర్చుని ఉన్నారు. పక్షులు రెండూ ఆయన దగ్గరున్నాయి. ఫోను నా వైపు ఎత్తి పట్టుకుని ఉన్నారు. పరిగెత్తుకుంటూ దిగాను. అంత చలిలో చొక్కా తడిసి ముద్దయింది.

"చూశావుగా ఎనక్కి," అన్నారు నవ్వుతూ. "ఇంక నేను కదల్నే."

గొర్రెలు తోలుకొస్తున్న ఇద్దరు మోసుకెళ్లి జీపెక్కించారు. కింది ఊరు రాకముందే నా ఒళ్లో ఆయన తల బరువు మారింది.

పేటకు తీసుకొచ్చాం. కార్యక్రమాలన్నీ అయ్యాక ఆయన సంచీ విప్పితే చొక్కాల అడుగున గుంటూరు డాక్టరు కాగితాలున్నాయి. సరుకు కోసమని వెళ్లిన రోజువే. వెంటనే ఆపరేషన్ చెయ్యాలని, మెట్లెక్కకూడదని ఉంది. ఆయన మీద ఎంత ఒళ్లు మండిందో చెప్పలేను. ఇద్దరికీ కలిపి ఆయనొక్కడే ఖాయం చేసుకున్నాడు. నాకు చెబితే ఆ రోజే ఆస్పత్రిలో పడేసేదాన్ని, గడప దాటనిచ్చేదాన్ని కాదు. అది ఆయనకూ తెలుసు.

ఆ తర్వాత ఫోను తెరిచాను. కొండదారుల్లో తీసిన ఫొటోలన్నీ నా వీపువే. అండమాన్‌లో జడకున్న రిబ్బను కూడా కనబడేంత దగ్గర్లో ఉన్నాను. మేఘాలయ మెట్ల మీద బొటనవేలంత ఉన్నాను. హిమాచల్‌కు వచ్చేసరికి పసుపు శాలువా చుక్కలా ఉంది, అంతే. నేను దూరమవుతున్న కొద్దీ ఆయన తీస్తూనే ఉన్నారు.

ఆఖరి ఫొటోలో మాత్రం ఇటు తిరిగి ఉన్నాను. వేళ్లతో లాగి పెద్దది చేసి చూశాను. రెండేళ్ల కొండల్లో నా మొహం ఉన్నది అందులోనే. నోరు తెరిచి ఉంది, ఆయన్ని తిడుతున్నాను.