పేర్ల వరుసలో ఆమె చోటు

ఆమె పరిశోధనా పత్రాల జాబితా తీస్తే పేజీలకు పేజీలు వస్తుంది. తెలియనివాళ్ళు చూసి ‘అబ్బో’ అంటారు. తెలిసినవాళ్ళు మాత్రం ఆమె పేరు ఎక్కడుందా అని వెతుక్కుంటారు. జన్యు పరిశోధనలో పత్రం మీద పేరుంటే సరిపోదు, వరుసలో ఎక్కడుందన్నదే లెక్క. ఒళ్ళు వంచి పనిచేసినవాళ్ళది మొదటి పేరు, పెద్దతలకాయది చివరి పేరు. మధ్యలో ఉన్నవాళ్ళు పెళ్ళి ఫొటోలో వెనక వరుస చుట్టాలు. ఉన్నారంటే ఉన్నారు, అంతే. ఇరవయ్యేళ్ళుగా ఆమె ఆ వెనక వరుసలోనే నిలబడింది. ఎవరు రక్తం నమూనాలు తెస్తే వాళ్ళకు డీఎన్ఏ తీసిపెట్టింది, ఎవరి లెక్కలు తేలకపోతే వాళ్ళవి తేల్చిపెట్టింది. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు? మోసినందుకు దక్కింది ‘మధ్య మేడమ్’ అన్న బిరుదు. వెనకాల అలా అంటారని ఆమెకు తెలుసు. కోప్పడే ఓపిక కూడా ఎప్పుడో అయిపోయింది.

ఒక్క పత్రంలో మాత్రం ఆమె పేరు మొదట ఉంది. పసిపిల్లల్లో కండరాలు సడలిపోయే ఒక జబ్బుకు ఏ జన్యువులో మార్పు కారణమో చెప్పిన పత్రం అది. చివరి పేరు వేరే సంస్థలో ఉన్న పెద్దసారుది. ప్రొఫెసర్ పదవికి ఆమె పెట్టుకున్న దరఖాస్తు మొత్తం దాని మీదే నిలబడింది. ఇంటర్వ్యూ వచ్చే వారం. ఆమె వయసుకు ఇదే ఆఖరు అవకాశం.

అలాంటి వేళ ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆ మార్పును పట్టుకునే పరీక్ష తయారైందనీ, వచ్చే నెల నుంచి పిల్లలకు చేస్తామనీ చెప్పి, పాత డేటా పంపమంది. పంపేముందు ఒకసారి చూద్దామని ఆమె ఫైలు తెరిచింది. ఆడపిల్ల అని రాసి ఉన్న నమూనాలో వై క్రోమోజోమ్ కనిపించింది. అది మగవాళ్ళకే ఉంటుంది. ఇంకోటి చూసింది, అదీ అంతే.

నమూనాలను తొంభై ఆరు గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళేల్లో పోసి మిషన్‌లో పెడతారు. ఇటుది అటు కాకుండా గుర్తుకి ఒక మూల కోసి ఉంటుంది. అయినా ఒక పళ్ళెం వెనక్కి తిరిగి కూర్చున్నట్టుంది. ఆమె ఆ పళ్ళెం జాబితాను చివరి నుంచి మొదటికి తిరగేసి చూసింది. ఆడా మగా అన్నీ సరిపోయాయి. సరిపోకుండా ఉంటే ఎంత బాగుండునని అనుకుంది. అంటే జబ్బు పిల్లల లెక్కలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కలిశారన్నమాట. సరిదిద్ది మళ్ళీ లెక్కేస్తే, కనిపెట్టిందేమీ మిగల్లేదు. ఆడామగా సరిచూడడం పెద్దసారు ల్యాబ్‌లో అయిందని ఆమె అనుకుంది, ఆమే చేసిందని వాళ్ళనుకున్నారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటే ఇదే.

పెద్దసారుకు ఫోన్ చేసింది.

“తెలిసింది నీకూ నాకేగా. ఇంటర్వ్యూ కానీ. తర్వాత నెమ్మదిగా ఏదో సవరణ రాద్దాం,” అన్నాడాయన.

“వచ్చే నెలే పరీక్షలు మొదలుపెడుతున్నారు సార్. జబ్బున్న పిల్లల్ని ఏమీ లేదని ఇంటికి పంపేస్తారు.”

“నీకు పదవి అక్కర్లేదా అమ్మా?”

అక్కర్లేదని ఎలా అంటుంది? కావాలి. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ పదవి తప్ప ఇంకేదీ అంతగా కావాలనుకోలేదు. ఫోన్ పెట్టేసింది.

ఇంట్లో ఆరిన బట్టలు మడతపెడుతున్న భర్తకు అంతా చెప్పింది.

“పోనీ, ఆయనన్నట్టు ఓ వారం ఆగకూడదూ?” అన్నాడు మెల్లగా.

“ఆ కుర్చీలో కూర్చున్నాక లేచి చెప్పగలనంటారా? నా సంగతి నాకు తెలీదూ?”

అతను చేతిలో చొక్కాను మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

మర్నాడు డాక్టరమ్మకు విషయం చెప్పి పరీక్ష ఆపించింది. పత్రం వెనక్కి తీసుకుంటున్నామని దాన్ని అచ్చేసిన పత్రికకు రాసింది. సంగతి తెలిసి ఇంటర్వ్యూ జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు. ఇక వెనక్కి తీసుకునే ప్రకటన కింద సంతకాలు కావాలి. కలిసి రాసినవాళ్ళందరికీ ఉత్తరాలు పెట్టింది. పేర్ల వరుస కోసం ఒకప్పుడు నెలల తరబడి కొట్టుకున్నవాళ్ళే వాళ్ళంతా. నేను నమూనాలు మాత్రమే ఇచ్చానని ఒకరు, భాష మాత్రమే దిద్దానని ఇంకొకరు రాశారు. పెద్దసారు తనది కేవలం సలహా అన్నాడు. కొందరు అసలు పలకనే లేదు.

మిగతావారి కోసం ఇంకొన్నాళ్ళు ఆగమంటారా అని పత్రిక వాళ్ళు అడిగారు. వద్దని రాసింది. పదవి కోసం రావలసిన ఏడుపు ముందే వచ్చి పోయింది. ఇన్నేళ్ళు ఎవరి పల్లకీ మోసిందో వాళ్ళను తలుచుకుంటే ఇప్పుడు మళ్ళీ వచ్చింది.

ప్రకటన అచ్చయిన రోజు భర్త ఆమె భుజం మీదుగా కంప్యూటర్ తెర చదివాడు.

“నీ ఒక్కదాని పేరే ఉందేంటి? మిగతావాళ్ళేరీ?”

“ఏమోనండీ,” అంది ఆమె. “వాళ్ళెవరూ ఆ పేపర్ రాయలేదట.”