తోడల్లుడి చెవి

నా ట్రక్కు ఇవాళ అల్వాల్‌లో మెకానిక్ షెడ్డులో ఉంది. ఈ సాయంత్రం నేను తీసుకెళ్లాల్సిన విజయవాడ లోడు మా తోడల్లుడి బండిలో వెళ్తోంది.

ఇద్దరం ఒకే రకం ట్రక్కులు ఒకేసారి కొన్నాం. పక్కపక్కనే నిలుపుతాం. పొద్దున నేను స్టార్ట్ చేయగానే ఇంజన్ కాసేపు గరగరమని, తర్వాత సర్దుకుంది. కొన్నాళ్లుగా అంతే. చలికి అనుకుంటున్నాను. తోడల్లుడు టీ గ్లాసుతోనే వచ్చి బానెట్ మీదికి చెవి వంచాడు.

"అన్నా, గిది చలికి కాదే. లోపల టైమింగ్ చైన్ వదులైంది. గిట్లనే లోడేసుకొని పోకు."

నా లోడు మీద కన్నేశాడనుకున్నాను. అయినా భయమేసి షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ ఇంజన్ విప్పి చైను చూపించాడు. బాగా సాగిపోయింది. దారిలో తెగి ఉంటే ఇంజన్ మొత్తం పోయేదట. ఇక తోడల్లుణ్ణి తిట్టుకునే వీలు కూడా లేకపోయింది.

ఇంట్లో చెబితే మా ఆవిడ, "మా చెల్లె మొగనికున్న చెవులు నీకెందుకు లేవయ్యా?" అంది.

సాయంత్రం అతను లోడెక్కించుకుని బండి స్టార్ట్ చేస్తుంటే, నేనూ వెళ్లి దాని బానెట్ మీదికి వంగాను. ఎక్కడైనా గరగరమంటుందేమోనని చాలాసేపు విన్నాను.

"ఏమన్న ఇనబడుతుందా అన్నా?" అన్నాడు, పాపం, కంగారుగా.

"ఏం లేదు, మంచిగుంది" అన్నాను.

ఇంజన్ బాగుందని తెలిసి ఇంత బాధపడినవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా?